ఇంజనీరింగ్ కళాశాలకు పేరు ఎలా వస్తుంది: తెలుగు ప్రాంతాల్లో గీటురాళ్ల చరిత్ర

ఇంజనీరింగ్ ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు తెలుగు ప్రాంతాల్లో జవాబు వెతికే పద్ధతి గత నూట యాభై ఏళ్లలో పలుమార్లు మారింది. మొదట్లో సర్కారు కొలువు ఇప్పించే కళాశాలే గొప్పది. తరువాత పట్టా మీద ఉండే విశ్వవిద్యాలయం పేరు ముఖ్యమైంది. ఎంసెట్ వచ్చాక నిరుటి చివరి ర్యాంకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాక క్యాంపస్ ప్లేస్‌మెంట్లు, ఆ పైన ప్రభుత్వ సంస్థలిచ్చే గ్రేడ్లు, జాతీయ ర్యాంకులు గీటురాళ్లయ్యాయి. కొత్త గీటురాయి వచ్చినంత మాత్రాన పాతది పోలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చి, నేడు బీటెక్ సీటు ఎంచుకునే కుటుంబం ముందు అన్నీ ఒకేసారి నిలబడ్డాయి. వీటిలో చాలావరకు తరగతి గదిలో చెప్పే పాఠాన్నో, ప్రయోగశాలలో చేయించే పనినో నేరుగా కొలిచేవి కావు. కళాశాలలోకి ఎవరు వస్తున్నారు, బయటికి వచ్చినవాళ్లను ఎవరు తీసుకుంటున్నారు అన్నది చూసి లోపల జరిగేదాన్ని అంచనా వేయడమే ఇంతకాలం నడిచిన పద్ధతి.

సర్కారు కొలువే కొలమానం

దక్షిణాదిలో ఇంజనీరింగ్ విద్యకు మూలం ఒక సర్వే బడి. 1794లో ఈస్టిండియా కంపెనీ మైఖేల్ టాపింగ్ ఆధ్వర్యంలో మద్రాసులో దీన్ని తెరిచింది. కంపెనీ చేతికి వచ్చిన భూమిని కొలవడానికి, పటాలు గీయడానికి మనుషులు కావాలి. బడి పెట్టింది అందుకే. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో అవసరం పెరిగింది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట లేచింది. కాలువలు తవ్వించడానికి, లాకులు కట్టించడానికి, రోడ్లు వేయించడానికి పబ్లిక్ వర్క్స్ శాఖకు ఓవర్సీర్లు, ఇంజనీర్లు కావలసి వచ్చారు. సర్వే బడి 1850ల చివర్లో సివిల్ ఇంజనీరింగ్ విద్యాలయంగా మారింది. 1920లో గిండీకి తరలింది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో 1940ల దాకా డిగ్రీ స్థాయి ఇంజనీరింగ్ కళాశాల లేదు. కోస్తా, రాయలసీమల నుంచి ఇంజనీరు కాదలచినవారికి సహజమైన దారి గిండీయే. నాగార్జునసాగర్ నిర్మాణంతో పేరు ముడిపడిన కానూరి లక్ష్మణరావు చదివింది అక్కడే.

ఆ కాలంలో కళాశాల పేరును నిర్ణయించింది ప్రభుత్వమే. రూర్కీ, పూనా, శిబ్‌పూర్, మద్రాసు కళాశాలల్లో తుది పరీక్షలో ముందు నిలిచిన కొద్దిమందికి పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం హామీగా ఉండేది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1883లో పూనాలో పరీక్షల్లో అగ్రస్థానం సాధించి బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరింది ఇలాగే. హామీ కొలువుల సంఖ్యే కళాశాల స్థాయిని చెప్పేది. వీటన్నిటికీ పైన ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఉండేది. భారతదేశపు ఇంజనీరింగ్ శాఖల కోసమే 1870ల ఆరంభంలో తెరిచిన ఆ కళాశాల 1906లో మూతపడింది. అక్కడ చదివినవారికి పై హోదా, ఇక్కడ చదివినవారికి కింది హోదా అన్నది నాటి ఆనవాయితీ. నిజాం రాజ్యంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి నిజాంసాగర్‌ను కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ కూపర్స్ హిల్‌లోనే చదివారు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఉద్యోగం ఇచ్చేది ఒక్కరే కాబట్టి ఈ గీటురాయిలో అయోమయం లేదు. సర్కారు ఎవరిని తీసుకుంటే వాళ్ల కళాశాల మంచిది. అయితే ఆ సర్కారు కోరింది కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టేవాళ్లను. యంత్రాలు, విద్యుత్తు, రసాయన పరిశ్రమలు ఎదగాల్సిన చోట సివిల్ ఇంజనీరింగే చాలాకాలం పెద్దపీట వేసుకుని కూర్చోవడానికి ఇది ఒక కారణం.

పట్టా మీద పేరు

సొంత గడ్డ మీద కళాశాలలు రావడంతో రెండో దశ మొదలైంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం (ఓయూ) 1929లో ఇంజనీరింగ్ కళాశాలను స్థాపించింది. ఉస్మానియా బోధన ఉర్దూలో సాగేది. అనువాద విభాగం శాస్త్ర, సాంకేతిక గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేది. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ), 1933లోనే రసాయన సాంకేతిక విభాగాన్ని తెరిచి, ఆ రంగంలో దేశంలో ముందున్న సంస్థల సరసన చేరింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మద్రాసు ప్రభుత్వం మరిన్ని కళాశాలలు పెట్టింది. 1946లో విశాఖపట్నంలో మొదలైన కళాశాల కాకినాడకు చేరింది. అదే ఏడాది గిండీ ప్రాంగణంలో మొదలైన మరో కళాశాల 1948లో అనంతపురానికి వచ్చింది. 1959లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల వెలసింది. అదే ఏడాది అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు (ఆర్ఈసీ) శంకుస్థాపన చేశారు. 1965లో నాగార్జునసాగర్ పేరుతో హైదరాబాదులో మరో కళాశాల వచ్చింది. 1972 అక్టోబరు 2న కాకినాడ, అనంతపురం, హైదరాబాదు కళాశాలలను కలిపి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్టీయూ) ఏర్పడింది.

ఈ దశలో సీట్లు కొద్ది. పీయూసీలోనో, ఆ తరువాత ఇంటర్మీడియట్‌లోనో వచ్చిన మార్కులను బట్టి ప్రవేశం దొరికేది. ప్రతి కళాశాలా ప్రభుత్వానిదో విశ్వవిద్యాలయానిదో కావడంతో పట్టా ఎవరిచ్చారన్నదే లెక్క. వరంగల్ ఆర్ఈసీ పేరు కొంత వేరు దారిలో పెరిగింది. అక్కడ సగం సీట్లు రాష్ట్ర విద్యార్థులకు, సగం ఇతర రాష్ట్రాలవారికి. దేశం నలుమూలల నుంచి విద్యార్థులు రావడం, కేంద్రం నుంచి నిధులు అందడం దానికి ఇరుగుపొరుగు కళాశాలలకు లేని అఖిల భారత గుర్తింపునిచ్చాయి. 2002లో అది జాతీయ సాంకేతిక సంస్థగా మారడానికి ముందే ఆ పేరు స్థిరపడింది.

నాటి పేరుకు కొలువుల మార్కెట్టు పెద్ద పరీక్షే పెట్టింది. 1960ల చివర్లో ప్రభుత్వ నిర్మాణ పనులు మందగించాయి. దేశమంతటా పట్టా చేతబట్టుకుని ఉద్యోగం దొరకని ఇంజనీర్లు కనిపించసాగారు. పేరున్న విశ్వవిద్యాలయం, మంచి మార్కులు ఉన్నంత మాత్రాన కొలువు ఖాయం కాదని తెలుగు మధ్యతరగతికి మొదటిసారి తెలిసివచ్చింది అప్పుడే.

డొనేషన్లు, పొరుగు రాష్ట్రం

సీట్లు తక్కువ, ఆశావహులు ఎక్కువ కావడంతో డబ్బు పెట్టి చదివే దారి తెరుచుకుంది. కర్ణాటకలోని మణిపాల్‌లో 1957లో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఆ రాష్ట్రంలో విద్యాసంస్థలు వరసగా పెరగగా 1970లు, 80లలో తెలుగు కుటుంబాలు బెంగళూరు, మణిపాల్, దావణగెరె, గుల్బర్గా, బళ్లారి వైపు చూశాయి. ఊళ్లో పొలం అమ్మి డొనేషన్ కట్టారన్న మాట ఆ తరానికి బాగా తెలిసినది. ఇలా వెళ్లినవారికి ఇంట్లోవాళ్ల నుంచి గౌరవం, ఊరివాళ్ల నుంచి చిన్నచూపు రెండూ ఎదురయ్యేవి. మెరిట్ సీటు, డొనేషన్ సీటు అన్న విభజన సామాజిక హోదాగా మారింది. కాలక్రమంలో ఆ చిన్నచూపు నిలవలేదు. హైదరాబాదు పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల 1988లో పట్టా పొందింది మణిపాల్‌లోనే.

సొంత రాష్ట్రంలోనూ ప్రైవేటు కళాశాలలు ఇదే సమయంలో మొదలయ్యాయి. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల, 1979లో హైదరాబాదులో చైతన్య భారతి, 1980లో గుంటూరు జిల్లాలో కోనేరు లక్ష్మయ్య, 1981లో హైదరాబాదులో వాసవి, బాపట్లలో బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. వీటిని పెట్టినవాళ్లు ఎక్కువగా విద్యా సంఘాలు, ట్రస్టులు. డొనేషన్ల మీద విమర్శలు పెరిగాయి. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ చట్టం తెచ్చింది. ఆ చట్టం మీద నడిచిన వ్యాజ్యాలే పెరిగి పెద్దవై, 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పుకు దారితీశాయి. ప్రైవేటు కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు, రెండూ ప్రతిభ ఆధారంగానే అన్న పద్ధతి అప్పుడు స్థిరపడింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కనపెట్టినా, కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అన్న విభజన రూపంలో దాని నీడ మిగిలింది.

చివరి ర్యాంకు రాజ్యం

1980ల మధ్యకల్లా రాష్ట్రస్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అంటే ఎంసెట్, ప్రవేశాలకు ప్రధాన మార్గమైంది. ఐఐటీలు 1961లోనే ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాయి. తెలుగు సమాజంలో మాత్రం ర్యాంకును ఇంటింటి మాట చేసింది ఎంసెట్. లెక్కల్లో 80, భౌతిక, రసాయన శాస్త్రాల్లో 40 చొప్పున మొత్తం 160 ప్రశ్నలు, మూడు గంటల సమయం. దాని ఫలితంగా వచ్చే ఒక్క అంకె లక్షలాది విద్యార్థులను వరసలో నిలబెట్టింది. విద్యార్థులను వరసలో పెట్టిన ఈ పరీక్ష, తన ఉద్దేశం కాకపోయినా, కళాశాలలనూ వరసలో పెట్టింది.

అది జరిగిన తీరు ఇది. కౌన్సెలింగ్‌లో ర్యాంకు క్రమంలో విద్యార్థులను పిలిచేవారు. మిగిలి ఉన్న సీట్ల పట్టిక చూసి అక్కడికక్కడే కళాశాల, బ్రాంచి ఎంచుకోవాలి. 2000ల దశకం చివరలో ఈ పని వెబ్ ఆప్షన్లకు మారింది. రెండు పద్ధతుల్లోనూ ప్రతి కళాశాలలో ప్రతి బ్రాంచికి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర నిండిందో ఒక జాబితా తయారయ్యేది. మరుసటి ఏడాది విద్యార్థులు, తల్లిదండ్రులు ముందుగా వెతికేది ఆ జాబితానే. ఏ కళాశాల చివరి ర్యాంకు ఎంత తక్కువ అంకె దగ్గర ముగిస్తే అది అంత గొప్పది. ఓయూ, జేఎన్టీయూ, ఏయూ ప్రాంగణ కళాశాలలు మొదట, ఆ తరువాత పాత ప్రైవేటు కళాశాలలు, వాటి వెనుక కొత్తవి అన్న క్రమం ఈ జాబితాల్లోనే గట్టిపడింది.

చివరి ర్యాంకుకు ఒక బలం ఉంది. అది ప్రకటన కాదు, వేలాది కుటుంబాలు నిజంగా తీసుకున్న నిర్ణయాల మొత్తం. యాజమాన్యం దాన్ని రాయించుకోలేదు. కానీ అందులో వలయం కూడా ఉంది. నిరుటి చివరి ర్యాంకు చూసి ఈ ఏటి మెరుగైన ర్యాంకరు ఆ కళాశాలను ముందు పెట్టుకుంటాడు; అతను చేరినందువల్ల ఈ ఏటి చివరి ర్యాంకూ అక్కడే నిలుస్తుంది. బోధన మెరుగైనా పాడైనా ఆ మార్పు జాబితాలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. మొదట పుట్టిన కళాశాలకు దక్కే లాభం ఇదే. చురుకైన విద్యార్థులు చేరిన చోట తోటివారి నుంచి నేర్చుకోవడం ఎక్కువ, కంపెనీలు రావడం ఎక్కువ కాబట్టి పేరు కొంతవరకు తనను తానే నిజం చేసుకుంటుంది కూడా.

చివరి ర్యాంకులో చదువుకు సంబంధం లేనివీ చాలా కలిసి ఉంటాయి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రం ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల స్థానిక ప్రాంతాలుగా విడిపోయింది. 85 శాతం సీట్లు స్థానికులకు, 15 శాతం అందరికీ ఉండేవి. తెలంగాణ జిల్లాలన్నీ ఓయూ పరిధి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఏయూ పరిధి. రాయలసీమ, నెల్లూరు ఎస్వీయూ పరిధి. ఫలితంగా ఒకే స్థాయి కళాశాలలు రెండు ప్రాంతాల్లో రెండు వేర్వేరు ర్యాంకుల దగ్గర ముగిసేవి. సామాజిక వర్గాల రిజర్వేషన్లు, అమ్మాయిలకు మూడోవంతు సీట్లు కలిసి ఒక్క బ్రాంచికే ఎన్నో చివరి ర్యాంకులు ఉండేవి. కళాశాల నగరంలో ఉందా, ఊరికి దూరంగా ఉందా, బస్సు ఉందా, అమ్మాయిలకు హాస్టల్ ఉందా అన్నవీ ర్యాంకును పైకీ కిందికీ లాగేవి. బ్రాంచి ప్రభావం వీటన్నిటికంటే ఎక్కువ. ఒకప్పుడు సివిల్, ఆ తరువాత ఎలక్ట్రికల్, మెకానికల్, 1980ల్లో ఎలక్ట్రానిక్స్, చివరికి కంప్యూటర్ సైన్స్ ముందుకు వచ్చాయి. ఒక మామూలు కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటు, ప్రాంగణ కళాశాలలో సివిల్ సీటు కంటే ముందే నిండిపోయే రోజు వచ్చాక, చివరి ర్యాంకు కళాశాల కంటే కొలువుల మార్కెట్టు గురించే ఎక్కువ చెప్పసాగింది.

ప్లేస్‌మెంట్ల లెక్క

1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వై2కే పనులు, అమెరికా ప్రాజెక్టుల వల్ల సాఫ్ట్‌వేర్ సంస్థలకు పెద్ద సంఖ్యలో కొత్త పట్టభద్రులు కావలసి వచ్చారు. ఒకప్పుడు పబ్లిక్ వర్క్స్ శాఖ ఉన్న స్థానంలోకి సాఫ్ట్‌వేర్ సంస్థలు వచ్చాయి. ఏ కంపెనీ ఏ క్యాంపస్‌కు వస్తుందన్నది కళాశాల పేరుకు కొత్త కొలమానం. సంస్థలు ముందు చివరి ర్యాంకు జాబితాలో పైన ఉన్న కళాశాలలకే వెళ్లాయి. పాత వలయానికి కొత్త కట్టు పడింది.

సీట్ల సంఖ్య అదే వేగంతో పెరిగింది. 1990ల తరువాత వచ్చిన ప్రైవేటు కళాశాలల్లో ఎక్కువ భాగం జేఎన్టీయూకు అనుబంధమయ్యాయి. 2008లో ఆ విశ్వవిద్యాలయం హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. అదే కాలంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం, అంతవరకు ఇంజనీరింగ్ గడప తొక్కని కుటుంబాల పిల్లలకు తలుపు తెరిచింది. ఫీజుకు ప్రభుత్వం పూచీ ఉండడంతో కళాశాలలూ పుట్టుకొచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో వాటి సంఖ్య ఏడు వందలకు చేరువైంది. ప్రాంగణ కళాశాలలో చదివినా, ఊరవతల గదులు పూర్తికాని భవనంలో చదివినా పట్టా మీద జేఎన్టీయూ పేరే. పట్టా మీది పేరు ఇక దేనినీ విడదీసి చూపలేని స్థితికి వచ్చింది.

ప్రకటనలు విజృంభించింది ఈ సందర్భంలోనే. దినపత్రికల నిండు పేజీల్లో, బస్సుల వెనుక, ఫ్లెక్సీల మీద 'వంద శాతం ప్లేస్‌మెంట్లు', 'అత్యధిక ప్యాకేజీ' మెరిశాయి. ఈ లెక్కల్లో జరిగే సర్దుబాట్లు చాలా రకాలు. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడు ఉద్యోగాలుగా చూపవచ్చు. అర్హత మార్కులు ఉన్నవారిని మాత్రమే హారంలో పెట్టి శాతం పెంచవచ్చు. అనేక కళాశాలలకు కలిపి జరిగిన పూల్ డ్రైవ్‌ను సొంత క్యాంపస్ ఖాతాలో వేసుకోవచ్చు. ఒక్క విద్యార్థికి వచ్చిన భారీ జీతం వందలమంది సగటును మరుగుపరుస్తుంది. పెద్ద సంఖ్యలో తీసుకునే సంస్థల ఆరంభ వేతనం మాత్రం చాలా ఏళ్లు ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లోనే ఉంది. మార్కెట్టు కుంగిన 2001లో, 2008–09లో అవే కళాశాలలు, అవే పాఠాలు. ఆఫర్లు మాత్రం తగ్గాయి. ప్లేస్‌మెంట్ అంకెలో కళాశాల కష్టం ఎంత, కాలం కలిసిరావడం ఎంత అన్నది ఒక్క ఏడాది లెక్కతో తేలదని ఆ రెండు పతనాలు చూపించాయి.

అధ్యాపకుల కొరత మరో నిజాన్ని బయటపెట్టింది. తనిఖీల నాడు ఒకే అధ్యాపకుడి పేరు ఒకటికి మించిన కళాశాలల జాబితాల్లో కనిపించేది. దాన్ని అరికట్టడానికి పాన్, ఆధార్ వివరాలు సరిచూడడం, బయోమెట్రిక్ హాజరు వచ్చాయి. 2014లో జేఎన్టీయూ హైదరాబాద్ లోపాలున్నాయంటూ అనేక కళాశాలలకు అనుబంధం నిరాకరించగా వివాదం న్యాయస్థానాలకు వెళ్లింది. ఆ తరువాతి ఏళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సీట్లు నిండని కళాశాలలు ఎన్నో మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి.

అనుమతి, గుర్తింపు, గ్రేడు

కళాశాల లోపలికి వెళ్లి చూసే ప్రయత్నాలు కూడా ఈ చరిత్రలో ఉన్నాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, 1945లో సలహా సంస్థగా ఏర్పడి 1987 చట్టంతో అధికారాలు పొందింది. అది ఇచ్చేది అనుమతి. స్థలం, భవనాలు, ప్రయోగశాలలు, అధ్యాపకులు కనీస స్థాయిలో ఉన్నాయన్నదే దాని అర్థం. 'ఏఐసీటీఈ అనుమతి ఉంది' అన్న మాటను గొప్పతనానికి గుర్తుగా ప్రకటనల్లో వాడడం, నడపడానికి కావలసిన లైసెన్సును బహుమతిగా చూపించడం లాంటిది.

1994లో రెండు సంస్థలు వచ్చాయి. యూజీసీ నెలకొల్పిన న్యాక్ సంస్థ మొత్తం కళాశాలను, విశ్వవిద్యాలయాన్ని పరిశీలించి నాలుగు పాయింట్ల కొలతపై గ్రేడు ఇస్తూ వచ్చింది. ఏఐసీటీఈ కింద మొదలై 2010లో స్వతంత్రమైన ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచిని వేరుగా పరిశీలిస్తుంది. కాబట్టి ఒకే కళాశాలలో మెకానికల్‌కు గుర్తింపు ఉండి, కొత్తగా పెట్టిన బ్రాంచికి లేకపోవడం మామూలే. 2014 జూన్‌లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. ఆ ఒప్పందం కింద సభ్యదేశాలు ఒకరి ఇంజనీరింగ్ పట్టాను మరొకరు సమానంగా పరిగణిస్తాయి. ఆ వెసులుబాటు ఎన్‌బీఏ పై శ్రేణిలో గుర్తించిన కోర్సులకే వర్తిస్తుంది. విద్యార్థి పట్టా పొందేనాటికి ఏం చేయగలడన్న ఫలితాల ఆధారంగా కోర్సును చూడాలన్న పద్ధతి దీంతో వచ్చింది. బోధనకు దగ్గరగా వెళ్లిన గీటురాయి ఏదైనా ఉంటే ఇదే. అయితే ఫలితాలను రుజువు చేసే కాగితాలు తయారుచేసేది కళాశాలే. అధ్యాపకుల సమయంలో పెద్ద భాగం ఆ దస్త్రాలకే పోతోందన్న విమర్శ అందుకే ఉంది.

మూడో ముద్ర స్వయంప్రతిపత్తి. అటానమస్ కళాశాల తన సిలబస్ తానే రాసుకుంటుంది, ప్రశ్నపత్రం తానే తయారుచేస్తుంది, జవాబు పత్రాలు తానే దిద్దుతుంది. పట్టా మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయానిది. మారుతున్న సాంకేతికతకు తగ్గట్టు పాఠాలు మార్చుకోగల స్వేచ్ఛ ఇందులో ఉంది. మార్కులు ధారాళంగా వేసే ప్రలోభమూ ఇందులోనే ఉంది.

గ్రేడుకు ధర పెరిగినకొద్దీ దాన్ని సంపాదించే అడ్డదారులూ పెరిగాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మెరుగైన గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ న్యాక్ తనిఖీ బృంద సభ్యులను అరెస్టు చేసింది. గ్రేడ్లకు బదులు గుర్తింపు ఉందా లేదా అన్న రెండు మాటల పద్ధతికి మారాలన్న నిర్ణయం అప్పటికే వెలువడింది.

జాతీయ ర్యాంకులు

2015 సెప్టెంబరులో కేంద్రం జాతీయ సంస్థాగత ర్యాంకుల వ్యవస్థను, అంటే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను ప్రకటించింది. మొదటి జాబితా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. బోధన, వనరులకు 30 పాళ్లు, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, జనాభిప్రాయానికి 10 పాళ్లు విలువ ఇచ్చే కొలత తరువాతి ఏళ్లలో స్థిరపడింది. ఇంజనీరింగ్ విభాగంలో మొదటి స్థానం ఏటా ఐఐటీ మద్రాసుదే. తెలుగు రాష్ట్రాల నుంచి 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ త్వరగా ముందు వరసకు చేరింది.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ పాత క్రమాన్ని కొంత కదిలించింది. పరిశోధన పత్రాలు, పీహెచ్‌డీల లెక్కకు బరువు పెరగడంతో ఆ రంగంలో ఖర్చు పెట్టగల డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పైకి వచ్చాయి. ఎంసెట్ ర్యాంకరు దశాబ్దాలుగా ముందు పెట్టుకునే అనుబంధ కళాశాలలు చాలావరకు వెనుకబడ్డాయి. ఇందులో వైరుధ్యం లేదు. చివరి ర్యాంకు కొలిచింది చేరే విద్యార్థుల స్థాయిని. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఎక్కువగా కొలిచింది సంస్థ పరిశోధనను. నాలుగేళ్ల బీటెక్ చదివే విద్యార్థికి పరిశోధన పత్రాల సంఖ్య ఎంతవరకు ఉపయోగమన్నది వేరే ప్రశ్న. మార్కులకు ఆధారమైన వివరాల్లో చాలా భాగం సంస్థలు తామే ఇచ్చినవి కావడం మరో పరిమితి.

అమెరికా దారిలో

తెలుగు విద్యార్థులు 1990ల నుంచి ఎంఎస్ చదువుకు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్తున్నారు. అక్కడి కళాశాలలను తూచడానికి సీనియర్ల మాట, జీఆర్ఈ స్కోరు, ర్యాంకుల పుస్తకాలు ఆధారమయ్యాయి. 1983లో మొదలైన యూఎస్ న్యూస్ జాబితాతోపాటు గౌర్మన్ రిపోర్టు కూడా చేతులు మారేది. లెక్కకట్టిన పద్ధతిని బయటపెట్టకుండానే మార్కులు ఇచ్చిన ఆ పుస్తకాన్ని విద్యారంగ నిపుణులు తోసిపుచ్చినా, చేతిలో మరేదీ లేనివారికి అదే ప్రమాణమైంది.

పేరు విచారించకుండా చేరిన చోట నష్టం తీవ్రంగా ఉండింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూయించినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్‌వారే. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు బిగించడం ఇక్కడ దుమారం రేపింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం మరో పాఠం. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థే దాన్ని ఉత్తుత్తిగా నడిపింది. గుర్తింపు పొందిన కళాశాలల జాబితాలోనూ దాని పేరు ఉండేలా చూసింది. మొదటి దఫాలో అరెస్టయిన నూట ముప్పై మంది దాకా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువారు. జాబితాలో పేరుండడం, తరగతులు జరగడం వేర్వేరు విషయాలని ఇంతకంటే ఖరీదుగా తెలియజేసిన సంఘటన ఈ చరిత్రలో లేదు.

నేటి స్థితి

ఈ గీటురాళ్లన్నీ నేటికీ వాడుకలో ఉన్నాయి. పబ్లిక్ వర్క్స్ శాఖ స్థానంలో కంపెనీలు ఉన్నాయి. పట్టా మీది పేరు పై చదువులకు, ప్రభుత్వ ఉద్యోగాలకు అవసరం. ఎంసెట్ రెండు రాష్ట్రాల్లో ఈఏపీసెట్‌గా మారినా, చివరి ర్యాంకు జాబితా మారలేదు. తోటి విద్యార్థుల స్థాయి తెలుసుకోవడానికి అంతకంటే నమ్మదగినది లేదు. ప్లేస్‌మెంట్ లెక్కలో అత్యధిక ప్యాకేజీ కంటే మధ్యస్థ వేతనం, ఒక్క ఏడాది కంటే నాలుగైదేళ్ల వరస ఎక్కువ చెబుతాయి. ఎన్‌బీఏను కళాశాల పేరుతో కాక బ్రాంచి పేరుతో చూడాలి, గుర్తింపు గడువు కూడా చూడాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో వరస సంఖ్య కంటే దాని కింద ఉన్న విడి మార్కులు ఉపయోగం.

పాత తరాలకు లేనిది ఒకటి ఇప్పుడు ఉంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన వివరాలను సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. సమయానికి పట్టా పొందినవారి సంఖ్య, ఉద్యోగాల్లో చేరినవారి సంఖ్య, వారి మధ్యస్థ వేతనం, అధ్యాపకుల పేర్లు, అర్హతలు, అనుభవం అందులో ఉంటాయి. ఏఐసీటీఈ కూడా తప్పనిసరి వెల్లడి నిబంధన పెట్టింది. ఆ అంకెలు కళాశాలలు చెప్పుకునేవే కాబట్టి సరిచూసుకోవలసిన పని మిగిలే ఉంటుంది. గిండీ హామీ కొలువుల నాటి నుంచి ఎంసెట్ ర్యాంకుల నాటి దాకా పేరు మాత్రమే జనానికి అందేది. ఆ పేరుకు ఆధారమైన లెక్కను చదివి ప్రశ్నించే వీలు వచ్చింది ఈ పదేళ్లలోనే.